ఒగ్గేస్తన్నానని ఒక్క మాట

సాయం చేయడం వేరు, సాయం పట్టడం వేరు. ఈ తేడా తెలియనివాళ్లు ఈ మధ్య సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటల్లో కూర్చుని, ముందు ముందు లోకంలో కష్టాల్లో ఉన్నవాళ్లను ఎలా ఆదుకోవాలా అని పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఆలోచించారు. నన్నూ పిలిచారు. వెళ్లాను. ఆ చేదు ఇప్పటికీ నోట్లోంచి పోలేదు.

సాయం పట్టడమంటే ఏమిటో ముందు చెప్పాలి. నేను పోర్టులో కళాసీగా చేరిన రోజుల్లో ఓడల్లోంచి వచ్చిన బస్తాలు మనుషుల నెత్తిమీదే కదిలేవి. నిండు బస్తాని ఎవడూ తనంతట తాను నెత్తికెత్తుకోలేడు. ఎంత కండ ఉన్నా పక్కవాణ్ణి పిలవాల్సిందే. "బావా, కాస్త సాయం పట్టు" అంటే, నిన్న సాయంత్రం నీతో తగాదా పడ్డవాడైనా సరే బీడీ పారేసి వచ్చి బస్తా రెండో కొస పట్టుకునేవాడు. అది దయ కాదు. పట్టినవాడికి ఎవరూ దండం పెట్టేవాళ్లు కాదు. కాసేపాగి నువ్వు వాడికి పడతావు, అంతే.

ఎత్తడం ఎవడికైనా వస్తుంది. వదలడంలోనే ఉంది అసలు పని. బస్తా నెత్తిమీద సర్దుకుని, మోసేవాడి మెడ నిలదొక్కుకున్నాక, పట్టినవాడు "ఒగ్గేస్తన్నాను" అనాలి. మా వైపు ఒగ్గేయడమంటే వదిలేయడం. మోసేవాడు "ఊఁ" అనాలి. ఆ ఊఁ చెవిన పడ్డాకే చెయ్యి తీయాలి. కొత్తగా చేరినవాడికి మేస్త్రీ నేర్పే మొదటి పాఠం అదే. నాకూ, నాకంటే ముందు చేరిన మా అన్నకూ అదే నేర్పాడు.

ఒకసారి అన్నకు సాయం పట్టినవాడు, జెట్టీలోకి వస్తున్న ఓడ కూత పెడితే అటు చూస్తూ మాట చెప్పకుండా చెయ్యి తీసేశాడు. బరువంతా ఒక పక్కకు దిగింది. అన్న ప్రాణం పోలేదు గాని, మెడ మాత్రం బతికినన్నాళ్లూ ఎడమ పక్కకే ఉండిపోయింది. ఇంట్లో ఉన్న ఫోటోలో కూడా పక్కనుంచి ఎవరో పిలిస్తే వింటున్నట్టు ఉంటాడు. బరువెక్కించినందుకు వాణ్ణి అన్న ఏనాడూ తిట్టలేదు. "సెప్పకుండా ఒగ్గేసినాడు" అని మాత్రం పోయేదాకా అంటూనే ఉన్నాడు.

నేను బడి మొహం చూసింది తక్కువ. అక్షరాలు ఆ బస్తాల మీదే నేర్చుకున్నాను. దేశానికి తిండి చాలని కాలం. పరాయి దేశపు గోధుమలు ఓడల మీద వచ్చేవి. సంచుల మీద పెద్ద పెద్ద అక్షరాలు ఉండేవి. నాకు చదవడం వచ్చిన మొదటి ఇంగ్లీషు ముక్క 'నాట్ ఫర్ సేల్'. సంచులు లెక్కపెట్టే గుమాస్తాను అడిగితే, అమ్మకూడదని అర్థం చెప్పాడు. ఆ ఆదివారం వన్ టౌన్‌లో హోల్‌సేల్ కొట్ల వైపు వెళ్తే ఒక కొట్టు ముందు అవే సంచులు, అవే అక్షరాలు, పక్కన కాటా. అక్షరాల మీద నమ్మకం ఆ రోజే పోయింది, చదువు మీద పంతం ఆ రోజే పట్టింది. రాసేది ఒకటి, జరిగేది ఒకటి అయినప్పుడు రాసిందేమిటో మనకు తెలిసి ఉండాలి గదా. ఆ తర్వాత పోర్టు నోటీసులు, లైబ్రరీ పేపర్లు, పాత పుస్తకాలు, దొరికిందల్లా చదివాను. నాకు పాఠం చెప్పినవాడు ఎవడూ లేడు, పరీక్ష పెట్టినవాడూ లేడు.

అప్పటి నుంచీ సాయమనే పేరుతో ఈ ఊరికి వచ్చినవన్నీ చూస్తూనే ఉన్నాను. తుఫాను వచ్చిన ప్రతిసారీ లారీ మీద నుంచి పులిహోర పొట్లాలు విసరడం చూశాను. దుప్పటి చేతిలో పెట్టేముందు ముసలమ్మ గడ్డం పట్టుకుని ముఖం కెమెరా వైపు తిప్పడం చూశాను. దుప్పటి కంటే దాని మీద అచ్చేసిన పేరు దట్టంగా ఉండడం చూశాను. రోత పుట్టేది. అయినా ఇస్తున్నారు గదా, పోనీలే అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోవడం కూడా చేతకావడం లేదు.

అన్న పోయాక వదిన ఒక్కతే వన్ టౌన్‌లో అదే సందులో ఉంటోంది, మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల. ఆవిడ ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇన్నేళ్ల పొయ్యి పొగ వల్లో, పోర్టు బొగ్గు నుంచి లేచే నల్లటి దుమ్ము వల్లో పెద్దాసుపత్రి డాక్టరుగారు తేల్చి చెప్పలేదు. గాలిలోంచి ఆక్సిజన్ లాగి ముక్కుకు గొట్టంతో అందించే మెషీను ఒకటి ఉంటుందని, రోజూ పూటపూటా దాని దగ్గర కూర్చోవాలని చెప్పాడు. అది కొనడం మా తరం కాదు.

కరోనా రోజులు గడిచాక ఒక సంస్థవాళ్లు మా సందు చివర ఒక గది అద్దెకు తీసుకుని అలాంటి మెషీన్లు పెట్టారు. వాళ్లు దానికి పెట్టిన పేరు పొడుగాటిది, ఇంగ్లీషుది. మా సందువాళ్లు 'ఊపిరి గది' అన్నారు. తెరిచిన రోజున డప్పులు, రిబ్బను, కొబ్బరికాయ, వీధికి ఆ మూలా ఈ మూలా ఫ్లెక్సీలు. వదినకు ముక్కుకు గొట్టం పెట్టి నవ్వమన్నారు. నవ్వింది. ఫోటో తీసుకున్నారు.

ఆ గది వల్ల మేలు జరగలేదని నేను అనను. నర్సమ్మాయి మంచి పిల్ల. వదిన మళ్లీ మనిషైంది. బస్సెక్కి సింహాచలం వెళ్లి అప్పన్నను చూసొచ్చింది. అన్నిటికంటే ముఖ్యం, చేపలమ్మితో బేరమాడే ఊపిరి తిరిగొచ్చింది. పొద్దున్నే సందులో ఆవిడ గొంతు వినబడితే నాకు టీ రుచిగా ఉండేది.

ఒక రోజు పొద్దున ఆ గదికి తాళం వేసి ఉంది.

కాగితం అంటించలేదు. మనిషి రాలేదు. కిటికీ అద్దంలోంచి మెషీన్లు కనబడుతూనే ఉన్నాయి. నర్సమ్మాయికి ఫోన్ చేస్తే ఏడ్చింది. రేపటి నుంచి రావద్దని తనకూ ఫోన్‌లో మెసేజే వచ్చిందట. డబ్బు ఎక్కడో సముద్రాల అవతలి దేశం నుంచి వస్తుందట, ఆ దేశం ఇక ఇవ్వనందట. వాళ్ల పొదుపు వాళ్లిష్టం, నేను కాదనలేను. డబ్బు వాళ్లది. ఊపిరి మాత్రం మా వదినది.

వదిన ఆ గది మెట్టు మీద కూర్చుని తాళం వైపు చూస్తూ, మాటకూ మాటకూ మధ్య ఆగి ఆగి అంది. "ఒగ్గేస్తన్నానని ఒక్క మాట సెప్పలేదేటి బాబూ. సెప్తే నాను ఊఁ అననా?"

కళాసీ భార్య ఆవిడ. ఆ మాట విలువ ఆవిడకు తెలుసు. అన్న వంకర మెడకు ఇన్నేళ్లు కొబ్బరినూనె మర్దనా చేసింది ఆవిడే.

ఆ తర్వాత వదిన పడుకోవడం మానేసింది, గోడకు చేరగిలబడి కునుకు తీయడమే. చేపలమ్మి బుట్ట దించితే ఎంతంటే అంతకు తీసుకోవడం మొదలుపెట్టింది. చేపలమ్మే నొచ్చుకుని తనంతట తాను తగ్గించింది. బాగా ఆయాసం వస్తే ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లేవాణ్ణి. వాళ్లు ఉంచుకుని, తేరుకున్నాక పంపేసేవారు. ఇంటి దగ్గర మెషీను ఏర్పాటు చేసుకోండి అనేవారు. మెషీను ఏర్పాటయ్యే ఉంది డాక్టరుగారూ, తాళం లోపల ఉంది అనేవాణ్ణి. ఆయనేం చేస్తాడు.

సంస్థవాళ్ల ఆఫీసు ఊరికి కొత్త వైపున, పై అంతస్తులో ఉంది. వెళ్లాను. మేనేజరు కుర్రవాడే, మర్యాదస్తుడే, కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాడు. 'ఎగ్జిట్ ప్లాన్' నడుస్తోందన్నాడు. పోవడానికి కూడా ప్లాను ఉందన్నమాట, మాకు తప్ప అందరికీ తెలుసు. ఎలాగూ వాడని మెషీన్లలో ఒకటి ఆవిడకు ఇచ్చేయమన్నాను. కుదరదట. డబ్బిచ్చినవాళ్ల నిబంధన ప్రకారం విడి మనిషికి వస్తువు ఇవ్వకూడదట. మెషీను మీద స్టిక్కరు కూడా ఉందట, అమ్మరాదు, చేతులు మారరాదు అని. నా పాత స్నేహితుడే, 'నాట్ ఫర్ సేల్'. గోధుమల సంచి మీద ఆ ముక్కను ఎవడూ లెక్కచేయలేదు. మా వదిన ఊపిరి దగ్గరికి వచ్చేసరికి అందరికీ నీతి గుర్తొచ్చింది.

లేచి వస్తుంటే మేనేజరు అన్నాడు, వచ్చే వారం పెద్ద మీటింగు ఉంది, పైవాళ్లంతా వస్తారు, మీలాంటివాళ్లు మాట్లాడితే బాగుంటుంది, ఈ సంగతి అక్కడే అడగండి అని. నేను మీటింగు కోసం వెళ్లలేదు. తాళంచెవి కోసం వెళ్లాను. ఇది మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

హోటలు హాల్లో చలి. సముద్రం కనబడకుండా పరదాలు వేసి, గోడ మీద సముద్రం బొమ్మలు చూపించారు. అందరి మెళ్లోనూ పేరు రాసిన బిళ్ల. నా బిళ్ల మీద పేరు లేదు, 'లబ్ధిదారు' అని ఉంది. ఆ మాటను పేపర్లో ఎన్నో సార్లు చదివాను గాని మెళ్లో వేసుకోవడం అదే మొదలు. మెడ మీద ఎన్ని బరువులు మోశానో, అది వాటన్నిటికంటే బరువనిపించింది.

మాట్లాడేవాళ్లు ఇంగ్లీషులో మాట్లాడితే, నా పక్కన కూర్చున్న అమ్మాయి తెలుగులో చెప్పేది. రోజులు బాగాలేవట. ఇచ్చే దేశాలు చేతులు ముడుచుకుంటున్నాయట. కాబట్టి జనంలో తట్టుకునే శక్తి పెంచాలట. మా సందు ఇంకా ఏం తట్టుకోవాలో ఒక్కరూ చెప్పలేదు. ఒకాయన సాయమనే మాటే పాతబడిపోయిందని, భాగస్వామ్యం అనాలని అన్నాడు. ఇంకొకామె లేచి, భాగస్వామ్యం కూడా పాతదేనని ఇంకో మాట చెప్పింది. చేసే పని ఆగిపోయింది గాని దాని పేరు మాత్రం పూటకొకటి మారుతోంది.

అంతలో గోడ మీద మా వదిన కనబడింది. గోడంత ఎత్తున, ముక్కులో గొట్టంతో నవ్వుతూ. హాలంతా ఆ నవ్వు వైపు మెత్తగా చూసింది. ఆ గదికి తాళం పడిందని చెబుతారేమోనని చూశాను. చెప్పలేదు. ఆవిడ అదే సమయానికి వన్ టౌన్‌లో గోడకు ఆనుకుని గాలి కోసం నోరు తెరుచుకుని ఉందని ఆ హాల్లో నా ఒక్కడికే తెలుసు. మధ్యాహ్నం భోజనంలో వంజరం వేపుడు పెట్టారు. ముట్టలేదు.

చివర్లో నన్ను పిలిచారు. సాయం ఎలా ఉండాలో నన్ను అడిగారు కాబట్టి చెప్పాను. బస్తా సంగతి చెప్పాను. సాయం పట్టేవాడు బస్తా కంటే ముందు మోసేవాడి మెడ చూస్తాడని, మీరు మా మెడ ఎప్పుడూ చూడలేదని చెప్పాను. పెట్టిన రోజునే ఎన్నాళ్లు పట్టి ఉంటారో చెప్పాలని, ఆ లోపు మాలో ఒకరికి మెషీను నడపడం నేర్పాలని, వస్తువు మొదటి రోజు నుంచే సందు పేర ఉండాలని చెప్పాను. డబ్బు ఆగిపోవడం తప్పు కాదు, మా ఇళ్లల్లోనూ ఆగిపోతుంది. మాట చెప్పకుండా చెయ్యి తీయడం తప్పు. డబ్బు లేనివాడు కూడా "ఒగ్గేస్తన్నాను" అనగలడు, దానికి ఏ దేశం అనుమతీ అక్కర్లేదు. మా అన్న మెడ గురించి చెప్పాను. గోడ మీద చూసినావిడ ఆయన భార్యేనని, ఆ గది తాళం తీయమని అడిగాను.

అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తల నెరిసిన ఒక విదేశీయుడు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. నాకు శాలువా కప్పారు. మేనేజరు పై అధికారి, పట్టుచీర కట్టుకున్నావిడ, నా రెండు చేతులూ పట్టుకుని, ఎంత గొప్ప మాట చెప్పారండీ, మా కొత్త ప్రాజెక్టుకు 'సాయం పట్టు' అని పేరు పెట్టేసుకుంటున్నాం, మీ అనుమతి ఉండాలి మరి అంది.

"తాళం సంగతి ఏమైందమ్మా?" అన్నాను.

"అది ప్రాసెస్‌లో ఉందండీ."

నా మాట తీసుకున్నారు. వాళ్లకు పనికొచ్చింది అదొక్కటే. ఇంటికొస్తూ బస్సులో ఆ శాలువాను చంకలో పెట్టుకుంటే తడిగుడ్డ పెట్టుకున్నట్టు ఉంది. వదిన అడిగింది ఏటైందని. గోడ మీద నిన్ను చూశానన్నాను. ఎలాగున్నానని అడిగింది. బాగున్నావు వదినా, నవ్వుతున్నావు అన్నాను.

ప్రాసెస్ సాగుతూనే ఉంది. ఈలోగా గది సొంతదారు, పప్పుల వ్యాపారి, అద్దె ఆగిపోయింది, గది ఖాళీ చేస్తారా సామాను రోడ్డు మీద పెట్టనా అని సంస్థకు కబురు పెట్టాడు. మా వదిన ఊపిరికి కదలని తాళం అద్దె మాటకు కదిలింది. మర్నాడు పొద్దున్నే సందులోకి చిన్న గూడ్సు బండి వచ్చింది. దానికి రెండు పక్కలా కొత్త ఫ్లెక్సీ. అందమైన అక్షరాలతో 'సాయం పట్టు'. పక్కన ముక్కులో గొట్టంతో నవ్వుతూ మా వదిన.

ఇంత త్వరగా అచ్చు ఎలా వేయించారో.

బండితో వచ్చిన కూలీలు ఇద్దరు, సబ్బవరం వైపు వాళ్లు, బావా బావమరుదులు. సంస్థ మనిషి ఎవరూ రాలేదు. ఒకడు బండి పైన నిలబడ్డాడు, ఇంకొకడు గదిలోంచి మెషీన్లు ఒక్కొక్కటే తెచ్చి అందిస్తున్నాడు. వదిన అలికిడి విని గోడ పట్టుకుంటూ వచ్చి, గది ఎదురింటి మెట్టు మీద కూర్చుంది. నేను ఆవిడ పక్కన నిలబడ్డాను. చివరి మెషీను కాస్త పెద్దది, చక్రం ఒకటి ఊడి ఉంది. కిందివాడు దాన్ని గడప దాటించలేక అటూ ఇటూ చూసి నన్ను పిలిచాడు.

"తాతా, కాస్త సాయం పట్టు."

వాడి వెనకాలే ఫ్లెక్సీ మీద అవే అక్షరాలు. వాడు చదవలేదు, అవసరమై అడిగాడు. ఆ మాట అంటే వెళ్లకుండా ఉండడం నాకు ఈ వయసులో కొత్తగా రాదు. కాళ్లు వాటంతటవే కదిలాయి. రెండో పక్క పట్టాను. గడప దాటించాం. బండి దగ్గరికి తెచ్చాం. పైవాడు అందుకోవడానికి వంగాడు. కిందివాడు ఇక వదలమన్నాడు. నేను వదల్లేదు.

"ఏటి తాతా? ఒగ్గీ."

"సాయం పట్టమన్నావు, పట్టినాను. ఎవలి మెడ మీద బరువు పడతాదో సూడకుండా ఒగ్గడం నాకు రాదురా."

వాడికి అర్థం కాలేదు. మా మధ్య మెషీను ఊగుతోంది. అప్పుడు వెనకనుంచి వదిన ఊపిరి వినబడింది. కిటికీ సందులోంచి ఈదురుగాలి దూరినట్టు ఉంటుంది ఆ చప్పుడు, వినకుండా ఉండడం ఎవరి తరమూ కాదు. వాడు తిరిగి చూశాడు. వదినను చూశాడు, ఫ్లెక్సీని చూశాడు, మళ్లీ వదినను చూశాడు.

"ఈ బొమ్మలో ఉన్నావిడ ఈవిడేనా తాతా?"

అవునన్నాను. ఈ మెషీను దగ్గరే ఆ బొమ్మ తీశారన్నాను. వాడు పైవాడి వైపు చూశాడు. పైవాడు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఒకటి పాడైపోనాదని సెప్పీ బావా. ఆళ్లకేటి తెలుస్తాది."

మెషీను కింద పెట్టించి, కిందివాడు ఫోన్ తీసి ఆఫీసుకు చేశాడు. "సార్, వన్ టౌన్ నుంచండి. ఒక మెషీను పని సేయట్లేదండి. లైటే ఎలగట్లేదు. సక్రం కూడా ఊడిపోనాది." అవతలి నుంచి ఏదో అన్నారు. వాడు ఫోన్ జేబులో పెట్టుకుని నవ్వాడు. పాడైంది మోసుకొచ్చి స్టోర్లో చోటు దండగ చేయవద్దన్నారట, అక్కడే పారేసి రమ్మన్నారట.

అదీ సంగతి. బాగున్న మెషీను ఇవ్వడానికి వాళ్లకు నిబంధన లేదు, పాడైన మెషీను పారేయడానికి ఉంది. ఆ చలి హాల్లో నేను నిజం చెబితే శాలువా వచ్చింది. ఈ కుర్రాడు ఫోన్‌లో ఒక్క అబద్ధం ఆడితే ఊపిరి వచ్చింది. అబద్ధం లేకుండా మనిషికి గాలి దొరకని ఏర్పాటును ఎవడు ఎన్ని పేర్లతో పిలిచినా నేను సాయమనను. దాని భవిష్యత్తు గురించి ఇక నన్ను ఎవరూ పిలవనక్కర్లేదు.

వాడూ నేనూ కలిసి మెషీను మోసుకుంటూ వదిన ఇంట్లోకి తెచ్చాం. ఆవిడ మాకంటే ముందు వెళ్లి మంచం మీద కూర్చుంది. గచ్చు ఎగుడుదిగుడు, చక్రం లేదు, ఒక పక్కకు ఒరుగుతోంది. ఆ రోజు నేను వదిన దగ్గరే వదిలేసిన శాలువాను దండెం మీంచి తీసి మడతపెట్టి కిందకు తోశాను. ఆ శాలువా పనికొచ్చింది అక్కడే. దుమ్ముకు ఫిల్టరు మూసుకుపోతే కొత్తది ఎక్కడ దొరుకుతుందో, కరెంటు పోతే ఏం చేయాలో ఆ నిమిషాన ఎవరికీ తెలియదు, ఇప్పటికీ సరిగా తెలియదు. సంస్థ పేరుతో, 'అమ్మరాదు' అన్న స్టిక్కరు అలాగే ఉంది. పీకేద్దామంటే వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీ బాబూ. పేరుంటే గాలి రాదేటి."

మెషీను ఇంకా కుర్రాడి చేతుల్లోనే ఉంది, సరిగా ఆనిందో లేదో అని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. వాడికి మేస్త్రీ ఎవడూ నేర్పి ఉండడు. సబ్బవరంలో గడ్డిమోపులు ఎత్తే చోట నేర్చుకుని ఉంటాడు. నా వైపు కాకుండా వదిన వైపు చూసి అన్నాడు.

"ఒగ్గేస్తన్నానమ్మా."

నేను ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాను. వదిన గొట్టం ముక్కుకు పెట్టుకుని, మెషీను శబ్దం మొదలయ్యేదాకా ఆగి, "ఊఁ" అంది.

అప్పుడు తీశాడు చేతులు.